వాకిట్లో పిల్లి: ఇంట్లోకి తేవాలా, వీధిలోనే చూసుకోవాలా?

ఎండలు ముదిరేసరికి తిరుపతిలో ఏ వీధిలో చూసినా ఇదే కథ. మిద్దె మీద నీళ్ల ట్యాంకు చాటునో, మూలన పడేసిన పాత ఆటో సీటు వెనకో, కొట్టుగదిలో పరుపుల మధ్యో ఒక పిల్లి పిల్లలు పెడుతుంది. వారం తిరగకముందే ఆ ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. పిల్లలు పెంచుకుందామంటారు, పెద్దలు తరిమేయమంటారు. చివరికి ఎవరో ఒకరు నాలాంటి పిల్లుల పిచ్చివాళ్లకు ఫోను చేసి ఏది మేలో చెప్పమంటారు.

ఉన్న దారులు మూడు. ఇంట్లోకి తెచ్చి పూర్తిగా ఇంటి పిల్లిగా మార్చుకోవడం ఒకటి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, దాని వీధిలోనే వదిలి, రోజూ తిండి పెట్టడం రెండోది. తలుపు తెరిచి ఉంచి, రావడం పోవడం దాని ఇష్టానికి వదిలేయడం మూడోది. గోనెసంచిలో వేసుకుని రేణిగుంట అవతల వదిలేసి రావడాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం.

ఈ మూడింటిలో ఏది సరైనదో మన జాలిని బట్టి తేల్చుకుంటే తప్పుతుంది. పిల్లి వయసు ఎంత, దానికి మనిషి చేయి ఎంతవరకు అలవాటు అన్నవే తేల్చాలి.

ముందు పిల్లిని చదవండి

వీధిలో తిరిగే పెద్ద పిల్లులన్నీ ఒక రకం కావు. కొన్ని ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో పెరిగి, ఇల్లు మారినప్పుడు వెనక మిగిలిపోయినవి. కొన్ని పుట్టిన నాటి నుంచి మనిషి చేయి తగలనివి. మొదటి రకం మీరు మెట్ల మీద కూర్చుంటే తోక నిలువుగా ఎత్తి దగ్గరకు వస్తుంది, మీ ముఖంలోకి చూసి అరుస్తుంది, మీరు చూస్తుండగానే తింటుంది. రెండో రకం మీకు తన గొంతు దాదాపు వినిపించదు. నేలకు అతుక్కున్నట్టు నక్కి, మీరు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాకే గిన్నె దగ్గరకు వస్తుంది.

ఈ పరీక్ష బోనులో ఉన్న పిల్లికి పెట్టకండి. బోనులో పడితే ఒడిలో పెరిగిన పిల్లి కూడా పులిలా బుసకొడుతుంది. దాని తావులో, దాని తీరికలో ఉన్నప్పుడే గమనించాలి. ఒక చెవి కొస తిన్నగా కత్తిరించినట్టు ఉంటే దానికి ఆపరేషన్ అయిపోయిందన్నమాట. అలా గుర్తు పెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది.

చనువుగా వచ్చే పెద్ద పిల్లి విషయంలో నేను పెద్దగా ఆలోచించను. ఇంట్లోకి తెచ్చుకోవడమే మేలు. నిజానికి మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తేలికైన పని ఇదే, కానీ జనం పిల్లికూనల ముద్దుమొహాలు చూసి దీన్ని పట్టించుకోరు. ఒక్కటి మాత్రం ముందే వాకబు చేయండి. భవానీనగర్ లాంటి ఇరుకు వీధుల్లో ఒకే పిల్లి మూడిళ్లలో మూడు పేర్లతో తిరుగుతూ, మూడు చోట్లా ఆకలి నటిస్తుంటుంది. మీరు తలుపు వేస్తే మిగతా రెండిళ్లవాళ్లు దానికోసం వెతుక్కుంటారు.

కూనలకు గడువు చాలా చిన్నది

పిల్లికూనకు మనిషి మీద నమ్మకం కుదిరే వయసు సుమారు రెండో వారం నుంచి ఏడో వారం వరకు. ఆ రోజుల్లో చేతుల్లో తిరిగిన కూన జీవితాంతం మనిషికి జడవదు. అది దాటాక మచ్చిక చేయలేమని కాదు, వారం గడిచేకొద్దీ పని రెట్టింపవుతుంది. నాలుగు నెలలు నిండిన బెదురు పిల్లను దారికి తేవడానికి, ఆరు వారాల దాన్ని దారికి తేవడానికి పోలికే ఉండదు.

చిక్కేమిటంటే, తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు ఉండాలని కూడా వైద్యులు చెబుతారు. కరిస్తే ఎంత నొప్పో, ఆటకు హద్దేమిటో తల్లీ తోబుట్టువులే నేర్పుతారు. తల్లి మనల్ని దగ్గరకు రానిస్తే గొడవే లేదు. కూనలను తల్లి పక్కనే ఉంచి, రోజూ కాసేపు చేతుల్లోకి తీసుకుంటే చాలు. తల్లి బెదురుదైతే అయిదారు వారాలకు, అంటే కూనలు మెత్తని తిండి తినడం మొదలుపెట్టాక, లోపలికి తెచ్చుకోవడమే నయమని నా అభిప్రాయం. అంతకంటే ముందు, ఒంటరిగా కనిపించింది కదా అని కూనను ఎత్తుకొచ్చేయకండి. పిల్లి పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఒకదాన్ని నోట కరుచుకుని వెళ్లి, రెండోదాని కోసం వచ్చే లోపల మీరు దాన్ని అనాథను చేసినవారవుతారు. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి.

జీవకోన, కపిలతీర్థం వైపు కొండ అంచున ఉండేవారికి ఇంకో మాట. శేషాచలం అడవి పక్కనే ఉంది కాబట్టి, ఒంటి మీద తుప్పురంగు మచ్చలో, పొడుగాటి కాళ్లూ పొట్టి తోకో ఉన్న కూన దొరికితే అది అడవిపిల్లి పిల్ల కావచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి రక్షణ ఉంది, ఇంట్లో పెంచడం కుదరదు. అటవీశాఖకు చెప్పి ఊరుకోండి.

మచ్చిక చేయడానికి ఇల్లంతా అక్కర్లేదు, ఒక చిన్న గది చాలు. పెద్ద ఇంట్లో వదిలితే బీరువా వెనక దూరి, మీరు పడుకున్నాక మాత్రమే బయటికి వస్తుంది. గదిలో ఒక అట్టపెట్టె, దూరంగా ఒక ఇసుక తొట్టి, నీళ్లు, తిండి. మొదటి రోజు కూన పెట్టె మూలకు జరిగి, చెవులు తలకు అంటించుకుని కూర్చుంటుంది. ఉన్నది గుప్పెడంత, బుస మాత్రం పాముకు తీసిపోదు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని మెత్తగా చిదిమి, పొడుగు కాడ చెంచా చివర పెట్టి ముందుకు జరపండి. బుసకొడుతుంది. ముక్కు కదుపుతుంది. ఒకసారి నాకి మళ్లీ బుసకొడుతుంది. బుసకొడుతూనే నాకడం మొదలైతే సగం పని అయినట్టే. ఆ తర్వాత చెంచాను పూటపూటకూ కొంచెం కొంచెంగా మీ ఒడివైపు జరుపుకుంటూ రావాలి. గిన్నె నింపి వదిలేసి వెళ్తే ఈ చెంచాకు విలువ ఉండదు. మెత్తని తిండి మీ చేతి నుంచే రావాలి.

కళ్లలోకి గుచ్చి చూడకండి. రెప్పలు నెమ్మదిగా వాల్చి తెరవండి. ఇది పిల్లుల పిచ్చివాళ్ల నమ్మకం మాత్రమే కాదు. అలా చేసిన మనిషి దగ్గరకు పిల్లులు ఎక్కువగా వస్తాయని బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించారు.

మార్జాల కిశోర న్యాయం గురించి వినని ఇల్లు మన ఊళ్లో తక్కువ. తల్లి మెడ పట్టి ఎత్తితే కూన తనను పూర్తిగా ఆమెకు వదిలేస్తుంది. అది విని కొందరు పెద్ద పిల్లిని కూడా మెడ తోలు పట్టి ఎత్తుతారు. ఆ శరణాగతి తల్లి నోటికే గానీ మన పిడికిలికి కాదు. పెరిగిన పిల్లికి అది నొప్పి, భయం. ఒక్కసారి అలా ఎత్తితే వారాల తరబడి చేసిన మచ్చిక మంటగలుస్తుంది.

ఒకటా, రెండా? కుదిరితే రెండు. ఒకదానితో ఒకటి ఆడుకుంటే మీ కాళ్లు, చేతులు బతికిపోతాయి. అయితే రెండూ బాగా బెదురువైతే మొదట్లో వేరువేరు గదుల్లో ఉంచి మచ్చిక చేయండి. కలిపి ఉంచితే వాటికి అవే తోడు, మనతో పనేముంటుంది?

టీకాల లెక్క ఇది: ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి డోసు, ఆ తర్వాత మూడు, నాలుగు వారాలకోసారి పదహారో వారం వరకు. రేబిస్ టీకా మూడు నెలలకు. ఇంతకుముందు ఇంట్లో ఏదైనా కూన వాంతులు, విరేచనాలతో పోయి ఉంటే, టీకా పడని కొత్త కూనను అదే గదిలోకి తేవద్దు. కూనలను ఇలా చంపే పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు వైరస్ గదిలో ఏడాది వరకు బతికి ఉండగలదు.

చేయి పడనివ్వని పెద్ద పిల్లి

ఇక్కడే చాలామందితో నాకు పేచీ. పుట్టిన నాటి నుంచి వీధిలో పెరిగి, మనిషిని చూస్తే గోడ దూకే పిల్లిని గదిలో పెట్టి ప్రేమతో మార్చేస్తామంటారు. నెలలు గడుస్తాయి. అది మంచం కిందే ఉంటుంది, పగలంతా ముడుచుకుని, రాత్రి తిని. మనకు అది ఆశ్రయంలా కనిపిస్తుంది, దానికి మాత్రం జైలు. మారే పిల్లులు లేకపోలేదు. కానీ ఆ ఒకటి అరా కోసం మిగతావాటిని భయంలో ఉంచడం నాకు సమ్మతం కాదు. ఇలాంటి దానికి మనం చేయగలిగిన గొప్ప ఉపకారం ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టిన చోటే తిరిగి వదలడం.

ఆడపిల్లికి చూలు 63 నుంచి 65 రోజులు. నాలుగైదు నెలల వయసుకే అది చూలు కట్టగలదు, ఏడాదిలో ఒకటికి మించి ఈతలు మామూలే. గండుపిల్లికి చేయిస్తే కొట్లాటలు, అర్ధరాత్రి అరుపులు, గోడల మీద మూత్రం చిమ్మడం బాగా తగ్గుతాయి. పొరుగువారి ఫిర్యాదుల్లో చాలావరకు ఈ మూడే. పిల్లులన్నిటినీ పట్టుకెళ్లిపోతే సమస్య పోతుందనుకుంటారు గానీ, వీధిలో చెత్తా ఎలుకలూ ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి మరో పిల్లి వస్తుంది, ఆపరేషన్ కానిది.

పట్టడం ఎలా? కొన్నాళ్లు బోను తలుపు కదలకుండా కట్టేసి, అందులోనే తిండి పెట్టండి. అలవాటయ్యాక ఒకరోజు కట్టు విప్పండి. తలుపు పడగానే బోను మీద దుప్పటి కప్పాలి. చీకటి పడితే పిల్లి కుదుటపడుతుంది. తిరుపతివారికి ఒక సౌకర్యం ఉంది. 1955లో మొదలైన పశువైద్య కళాశాల, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉన్నాయి, వాటికి అనుబంధంగా ఆసుపత్రి ఉంది. మచ్చిక లేని పిల్లిని తెస్తున్నామని ముందే చెప్పి, ఎంతసేపు ఖాళీ కడుపుతో ఉంచాలో కనుక్కుని వెళ్లండి. చిత్తూరు వైపువారు తమ పశువైద్యశాలలో పిల్లులకు ఆపరేషన్ చేస్తారా లేదా అన్నది ముందుగా అడగాలి. పాడి పశువుల రద్దీలో పిల్లి వంతు ఆఖరుది.

ఇక మూడో దారి, తలుపు తెరిచి ఉంచడం. చనువున్న పెద్ద పిల్లికి, సొంత ఇల్లూ పెరడూ ఉన్నచోట ఇది నడుస్తుంది. కూనలకు మాత్రం వద్దు. వీధికుక్కలు, బైకులు, అలిపిరి వైపయితే చిరుతలు కూడా. అపార్టుమెంటువారికి ఈ దారి లేనే లేదు, బాల్కనీకి వల కట్టించి లోపలే ఉంచుకోవాలి.

ఇల్లు కూడా సరిపోవాలి

శాకాహారుల ఇళ్లలో ఒక చిక్కుంది. పెరుగన్నం తిని పిల్లి బతుకుతున్నట్టే కనిపిస్తుంది. వీధి పిల్లి ఆ లోటును ఎలుకలతో, బల్లులతో పూడ్చుకుంటుంది కాబట్టే ఆ మాట నిలబడింది. తలుపులు మూసిన ఇంట్లో ఆ వీలుండదు. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె జబ్బు వస్తుంది. ప్యాకెట్లలో వచ్చే పిల్లుల ఆహారంలో టారిన్ ఉంటుంది గానీ, అందులోనూ మాంసమే ఉంటుంది. అది గుమ్మం దాటి రాకూడదనుకునే ఇంటికి రెండో దారే నిజాయితీగా ఉంటుంది.

రెండో చిక్కు ఫినాయిల్. రోజూ ఫినాయిల్ నీళ్లతో బండలు తుడిచే ఇళ్లు మనవి. తడి ఆరని బండల మీద నడిచిన పిల్లి పాదాలు నాకుతుంది, ఆ విషాన్ని దాని కాలేయం విరగ్గొట్టలేదు. పలుచని బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో మరోసారి తుడిచి, ఆరాకే లోపలికి రానివ్వండి. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ ఇవ్వడం కూడా అంతే, అది పిల్లికి ప్రాణాంతకం.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వెళ్లగొట్టాల్సిన పని లేదు. ఇసుక తొట్టిని వేరేవారు ప్రతిరోజూ శుభ్రం చేస్తే చాలు. భయమంతా పిల్లి మలం ద్వారా సోకి గర్భంలోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. దాని గుడ్లు అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది.

కరిచినా, రక్కినా సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు తిరుపతిలోని రుయా ఆసుపత్రికో దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లండి. చిన్న గీరు అని వదిలేయకండి, పిల్లి నుంచి కూడా రేబిస్ వస్తుంది.

ఇంతకీ నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ వాటికి ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు. మిద్దె మీద ఉన్నది బెదురు తల్లి, దాని వెంట మూడో నాలుగో కూనలు. అప్పుడు కూనలు లోపలికి, తల్లి ఆపరేషన్‌కు, ఆపైన తిరిగి మిద్దె మీదికి. కూనలకు తిండి అలవాటై, తల్లికి పాలు ఇంకేదాకా ఆగాలి. అలాగని మరీ తీరిగ్గా ఉండకండి. పాలిస్తున్న పిల్లి కూడా మళ్లీ చూలు కట్టగలదు, పక్క సందులోని గండుపిల్లి మన తీరిక కోసం ఆగదు. కూనలు కళ్లు తెరిచిన వారంలోనే డాక్టరును కలిసి తేదీ అడిగి పెట్టుకోండి.