గొణిగే మాస్టారికి మెమోనా, మాటా?

ప్రమోషన్ మీద కొత్తగా హెచ్‌ఎం కుర్చీలో కూర్చున్నవాళ్లు ఫోన్ చేస్తే ఎక్కువగా అడిగేది ఇదే. స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన ఉంటాడు. ఏ సర్క్యులర్ వచ్చినా ‘ఇదయ్యే పనేనా’ అంటాడు. పక్కన ఇద్దరు నవ్వుతారు. వారం తిరిగేసరికి ఆ ఇద్దరూ అదే మాట అంటుంటారు. ఆయన్ని పిలిచి మాట్లాడాలా, మెమో ఇవ్వాలా?

నేను రెండూ చేశాను. మెమోతోనే మొదలుపెట్టాను, ఆ ముచ్చటే ముందు చెబుతాను.

మెమో ఇవ్వడం తేలిక. పది నిమిషాల్లో టైప్ అయిపోతుంది, మన కోపమూ కాస్త చల్లారుతుంది. అసలు చిక్కు తర్వాత వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యలు ఎలా తీసుకోవాలో చెప్పే 1991 నాటి సీసీఏ రూల్స్ తిరగేస్తే, పెద్ద శిక్ష దాకా వెళ్లాలంటే అభియోగాలు, వాటికి ఆధారమైన కాగితాలు, సాక్షుల జాబితా ఉండాలి. గొణుగుడికి ఏ కాగితం చూపిస్తాం? నేను ‘సహకరించడం లేదు’ అని రాశాను. మూడో రోజుకు రెండు పేజీల జవాబు వచ్చింది. ఆయన తీసుకున్న స్పెషల్ క్లాసులు తేదీలతో సహా ఉన్నాయి. వెనక విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జిరాక్స్ పిన్ చేసి ఉంది. జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప టీచర్‌కి వేరే పనులు చెప్పకూడదనేది ఆ సెక్షన్. నేను చెప్పిన పనేమో ఫొటోలు అప్‌లోడ్ చేయడం! ఆ జవాబును ఫైల్లో పెట్టి ఊరుకున్నాను. మర్నాటి నుంచి నేను అడుగుపెడితే స్టాఫ్‌రూమ్ నిశ్శబ్దం. మాటలన్నీ టీకొట్టుకు మారాయి. అంతకుముందు కనీసం నా చెవిన పడేవి.

అందుకే ఇప్పుడు ముందు ఆయన క్లాసు ఎలా నడుస్తోందో చూడమంటాను. నా లెక్కలో తేల్చేది అదే. మా సోషల్ మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో ఎంత విసుక్కునేవారో, తొమ్మిదో తరగతిలో అంత శ్రద్ధగా చెప్పేవారు. పిల్లల నోట్సులో ప్రతి మ్యాపునూ ఎర్ర ఇంకుతో దిద్దేవారు. అలాంటి మనిషి గొణుగుతున్నాడంటే ఎక్కడో నొప్పి ఉన్నట్టే.

సాయంత్రం పిల్లలు వెళ్లాక వరండాలో కుర్చీ వేయించి, ‘మాస్టారూ, ఇబ్బందులన్నీ చెప్పండి, రాసుకుంటాను’ అన్నాను. తొమ్మిది చెప్పారు. డీఏ బకాయిలు, పీఆర్సీ, బదిలీల లాంటివి నా చేతిలో లేవని అప్పుడే చెప్పేశాను. మూడు మాత్రం నావే. సబ్‌స్టిట్యూట్ పీరియడ్లు ఎప్పుడూ ఆయనకే పడుతున్నాయి. భోజనం తర్వాత పీరియడ్‌లో వంటపాక పక్కన గిన్నెల చప్పుడు. హాజరు యాప్‌కి సిగ్నల్ లేక వేపచెట్టు కింద ఫోన్ పైకెత్తి నిలబడటం. మొదటి రెండూ ఆ వారంలోనే సరిచేశాను. మూడోదానికి ఇప్పటికీ వేపచెట్టే దిక్కు.

క్లాసు బాగాలేనివాళ్ల సంగతి వేరు. ఇంకో బడిలో ఒకాయన పదో తరగతి పిల్లల ముందే ‘మీకు చదువు దండగ’ అనేవారు. ఒంటరిగా రెండుసార్లు చెప్పాను, మారలేదు. అప్పుడు తేదీ, పీరియడ్, అన్న మాట ఉన్నదున్నట్టు రాసి మెమో ఇచ్చాను. దానికి జవాబు నాలుగు లైన్లే వచ్చింది. పిల్లల జోలికి వస్తే నాకు మొహమాటం లేదు.

మిగతా దారుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మీటింగ్‌లో పేరు చెప్పకుండా అందరికీ క్లాసు పీకితే బాగా పనిచేసేవాళ్లు నొచ్చుకుంటారు, అనాల్సిన మనిషి తలాడిస్తాడు. పట్టించుకోకుండా వదిలేయడం రిటైర్మెంట్‌కి ఆరు నెలలున్నవాళ్ల విషయంలో సరే. బదిలీ చేయించుకోమని పంపితే ఆ తలనొప్పి ఇంకో హెచ్‌ఎంకి తగులుతుంది.

సోషల్ మాస్టారికి ఆ ఏడు టైమ్‌టేబుల్ పని అప్పగించాను. మొన్న నా గదిలోకి వచ్చి, ‘సార్, ఏం వేసినా ఒప్పుకోరేంటండీ వీళ్లు, ప్రతిదానికీ వంక పెడతారు!’ అన్నారు. టీ తెప్పించాను.