మాంటిచెల్లో వెళ్తే మల్బరీ రోకి టైమ్ ఉంచుకోండి

వర్జీనియాలోని షార్లట్స్‌విల్ వెళ్ళాలనుకుంటున్న మనవాళ్ళకి ముందే చెప్తున్నాను. అక్కడి కొండ మీద ఉన్న మాంటిచెల్లో, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసి తర్వాత ప్రెసిడెంట్ అయిన థామస్ జెఫర్సన్ ఇల్లు. మాంటిచెల్లోకి పెట్టిన డబ్బు ఒక్క డాలరు కూడా వృథా కాదు. ఆ ఊళ్ళో రాత్రి బసకి మేం పెట్టింది మాత్రం నిలువుదోపిడీ. రెండింటి గురించీ రాస్తాను.

జెఫర్సన్ ఇల్లు చూడాలన్న కోరిక నాన్నది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగంలో జెఫర్సన్ మాటలు ఉదహరించారు. ఒక తరానికి తన తర్వాతి తరాన్ని కట్టిపడేసే హక్కు లేదన్న మాటలవి. నాన్నకి ఆ ప్రసంగం దాదాపు కంఠతా వచ్చు. అమ్మకి మాత్రం ఈ ప్రయాణం ఇష్టం లేదు. "ఎవరిదో ఇల్లు చూడ్డానికి రెండు గంటలు కార్లో కూర్చోవాలా?" అని నార్తర్న్ వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో బయల్దేరినప్పటి నుంచీ అంటూనే ఉంది. దారి గురించి చెప్పేదేమీ లేదు, హాయిగా సాగింది.

పార్కింగ్ ఉచితం. ఇంటి లోపలి టూర్‌తో టికెట్టు తలకి నలభై డాలర్ల పైనే అయింది. మీకిచ్చిన టైమ్‌కే లోపలికి పంపిస్తారు. గుమ్మం దాటగానే హాల్లో పెద్ద గడియారం. దాని తూకపు గుండ్లు గోడ వెంట దిగుతూ వారం పేరు చూపిస్తాయి. హాలు ఎత్తు చాలక నేలకి కన్నం పెట్టారు కాబట్టి శనివారం కింది సెల్లార్‌లోకి పోయింది. చదువుల గదికీ పడగ్గదికీ మధ్య గోడలోనే మంచం. రాసుకునే బల్ల దగ్గర రెండు కలాల యంత్రం, చేత్తో ఉత్తరం రాస్తుంటే రెండో కలం పక్క కాగితం మీద నకలు రాసేస్తుంది. ఆయన జీవితంలో రాసిన ఉత్తరాలు పందొమ్మిది వేల దాకా ఉంటాయట. ఇంత గొప్ప ఇంట్లో గుంపుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తోలుకెళ్తూనే ఉన్నారు, తీరిగ్గా నిలబడి చూడనివ్వలేదు. అమ్మ మోకాళ్ళ నొప్పులని విసుక్కుంది.

నాన్న ఒంగోలు ట్రెజరీ ఆఫీసులో రిటైరయ్యారు. జెఫర్సన్ రోజువారీ ఖర్చుల పుస్తకాల సంగతి వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. 1776 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనని ఆమోదించిన రోజునే, ఫిలడెల్ఫియాలో ఒక థర్మామీటరు, ఏడు జతల ఆడవాళ్ళ చేతి తొడుగులు కొన్నట్టు లెక్క రాసుకున్నాడు ఆయన. "చూశావా, ఆ రోజు కూడా పద్దు వదల్లేదు" అని నాన్న రెండుసార్లు అన్నారు.

అసలు విషయం ఇంటి బయట ఉంది. పక్కనే మల్బరీ రో అని ఒక బాట. బానిసలు పనిచేసిన కొట్టాలు, వాళ్ళ గుడిసెలు ఉన్న చోటు. అక్కడ జరిగే టూర్ మా టికెట్టులోనే కలిసి ఉంది. గైడ్ తెల్లజుట్టు పెద్దావిడ. గొంతు పెంచకుండా, ఒక్క మాట తూలకుండా మాట్లాడింది. జీవితం మొత్తంలో ఆరు వందల మందికి పైగా మనుషులు ఆయన ఆస్తిగా బతికారని మొదలుపెట్టి, ఆ తర్వాత అంకెలు పక్కన పెట్టి పేర్లు చెప్పింది.

మేకుల కొలిమి ఉన్న చోట ఆగాం. పదేళ్ళ నుంచి పదహారేళ్ళ మగపిల్లలు ఇక్కడ మేకులు కొట్టేవాళ్ళు. ఎవరు ఎంత ఇనుము తీసుకున్నారు, ఎన్ని మేకులు చేశారు, ఎంత తరుగు పోయింది అనేది జెఫర్సన్ స్వయంగా లెక్క చూసేవాడు. పొద్దున పద్దుల్ని మెచ్చుకున్న నాన్న ఇక్కడ ఏమీ అనలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

గుంపులో ఒకాయన, "కానీ వాళ్ళని బాగానే చూసుకునేవాడు కదా?" అని అడిగాడు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. జోసెఫ్ ఫాసెట్ అనే కమ్మరి కథ చెప్పింది. జెఫర్సన్ 1826లో పోతూ వీలునామాలో అతనికి స్వేచ్ఛ ఇచ్చాడు, భార్యా పిల్లలకి ఇవ్వలేదు. భార్య ఈడిత్, ప్రెసిడెంట్ భవనంలో ఫ్రెంచి వంట నేర్చుకుని మాంటిచెల్లో వంటిల్లు నడిపిన మనిషి. జెఫర్సన్ మిగిల్చిన అప్పు లక్ష డాలర్ల పైనే. అది తీర్చడానికి 1827 జనవరిలో ఇదే కొండ మీద 130 మందిని వేలం వేశారు. ఈడిత్‌నీ పిల్లల్నీ వేర్వేరు మనుషులు కొనుక్కుపోయారు. ఫాసెట్ తర్వాత చాలా ఏళ్ళు కష్టపడి తన వాళ్ళలో కొందరిని విడిపించుకున్నాడు. ప్రశ్న అడిగినాయన మళ్ళీ నోరెత్తలేదు.

ఇంటి దక్షిణ భాగంలో, జెఫర్సన్ బానిసల్లో ఒకరైన శాలీ హెమింగ్స్ గురించి ఒక గది పెట్టారు. ఆమె పిల్లలకి తండ్రి జెఫర్సనే అని మాంటిచెల్లోని నడిపే సంస్థ ఇప్పుడు సూటిగానే చెబుతుంది. ఆయన ఇంటిని కాపాడుతున్నవాళ్ళే ఇంత నిజాయితీగా చెప్పడం నాకు గౌరవం కలిగించింది. మన దగ్గర గడీ చూడ్డానికి వెళితే దొర పేరు, బురుజుల ఎత్తు చెబుతారు. వెట్టి చేసి ఆ గోడలు లేపినవాళ్ళ పేర్లు ఇంత ఓపిగ్గా చెప్పిన చోటు నేను ఇంతవరకూ చూడలేదు.

అమ్మ హుషారు కూరగాయల తోటలో వచ్చింది. వెయ్యి అడుగుల పొడవున కొండవాలు చెక్కి చదును చేసిన తోట. బెండ మొక్కలు చూసి నవ్వింది. జెఫర్సన్ నూనె కోసం నువ్వులు కూడా వేయించాడని చెబితే, "మనిషికి రుచి తెలుసు" అంది. ఆ తర్వాత మోకాళ్ళ మాట ఎత్తలేదు.

కొండ దిగేటప్పుడు షటిల్ బస్సు ఎక్కకుండా నడవండి. దారిలో ఆయన సమాధి వస్తుంది. తన రాతి మీద మూడు పనులే చెక్కించమని రాసి పెట్టాడు: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం, వర్జీనియా విశ్వవిద్యాలయం. ప్రెసిడెంట్ అన్న మాటే లేదు. 1786లో వచ్చిన ఆ మతస్వేచ్ఛ చట్టం గురించి ఆయన తన ఆత్మకథలో, అది యూదులు, క్రైస్తవులు, ముస్లింలతో పాటు హిందువులకీ వర్తిస్తుందని పేరు పెట్టి రాశాడు. నార్తర్న్ వర్జీనియాలో గుడికెళ్ళి అర్చన చేయించుకునే మనకి అది తెలిసి ఉండాలి. కింద పార్కింగ్ పక్కనే బానిసల శ్మశానం ఉంది. అక్కడ ఏ రాతి మీదా పేరు లేదు. కార్లు తీసే తొందరలో చాలామంది దాటేస్తున్నారు. దయచేసి ఆగండి.

ఇక బస. ఆన్‌లైన్‌లో 169 డాలర్లు, వేడి బ్రేక్‌ఫాస్ట్ ఉచితం అని ఉంది. చివరికి బిల్లు 261. అదనపు మనిషికి 25, "సౌకర్యాల" కింద 35, మిగతాది పన్ను. ఏ సౌకర్యాలని అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు "అది మా పాలసీ" అన్న ఒక్క ముక్కే చెప్పాడు. హీటర్ రాత్రంతా చల్లగాలి కొట్టింది. నాన్న మాత్రలకి గోరువెచ్చని నీళ్ళడిగితే మెషీన్ పొద్దున ఆరింటికి గానీ వేయరట. పొద్దున పెట్టిన వేడి బ్రేక్‌ఫాస్ట్ ఫ్రిజ్‌లోంచి తీసిన మఫిన్లు, డబ్బా జ్యూసు. 35 డాలర్లు వెనక్కివ్వమని అరగంట వాదించాను, ఇవ్వలేదు. డబ్బు పోతే పోయింది, అరవై తొమ్మిదేళ్ళ మనిషి దుప్పటి మీద స్వెటర్ కప్పుకుని కూర్చోవడం చూసి నా కడుపు మండిపోయింది.

నిద్రపట్టక నాన్న కొండ మీద దుకాణంలో కొన్న పుస్తకం తీశారు. వర్జీనియా గురించి జెఫర్సన్ రాసిన 'నోట్స్'. ఒక అధ్యాయంలో నల్లవాళ్ళు తెలివిలో తక్కువేమోనని అనుమానం రాస్తాడు. కొన్ని అధ్యాయాల తర్వాత, దేవుడు న్యాయమూర్తి అని తలుచుకుంటే నా దేశం గురించి వణుకు పుడుతుందని బానిసత్వం మీద రాస్తాడు. రెండూ ఒకే చేత్తో. "తప్పని తెలిసే చేశాడు రా" అన్నారు నాన్న. నా అభిప్రాయమూ అదే. ఆ వాక్యాలు ఎంత గొప్పవో, వాటిని రాసినవాడు అంత జవాబుదారీ.

మర్నాడు వర్జీనియా విశ్వవిద్యాలయం. అక్కడి గుమ్మటం భవనం రొటుండా లోపలికి టికెట్టు లేదు. దానికి దగ్గర్లో 2020లో పూర్తయిన బానిస కార్మికుల స్మారకం ఉంది. అక్కడ పనిచేసిన నాలుగు వేల మందికి రాతి మీద ఒక్కొక్క గీత, పేరు దొరికిన చోట పేరు. అమ్మ చాలాసేపు వేలితో ఆ గీతలు తడుముతూ నడిచింది.

నా సలహా: పొద్దున తొమ్మిదికల్లా కొండ మీద ఉండండి. మల్బరీ రో టూర్ అయ్యాకే ఇంటి లోపలికి వెళ్ళేలా టైమ్ బుక్ చేసుకోండి. మధ్యాహ్నం విశ్వవిద్యాలయం చూసుకుని రాత్రికి ఇల్లు చేరండి. ఉండక తప్పకపోతే, రూమ్ తీసుకునే ముందే అన్ని చార్జీలతో కలిపి మొత్తం ఎంతో ఈమెయిల్‌లో రాయించుకోండి.