మోకాలి వెనక నీటిగడ్డను ‘కరిగించే’ కిట్లు కొనేవాళ్లకు హెచ్చరిక

మోకాలి వెనక గుంటలో వచ్చే నీటిగడ్డను డాక్టర్లు బేకర్ సిస్ట్ అంటారు. దాన్ని ఇన్ని రోజుల్లో కరిగించేస్తామంటూ తైలం, బిగుతు బెల్టు, ఒక పొడి డబ్బా కలిపి అమ్మే కిట్ల జోలికి దయచేసి వెళ్లకండి. డబ్బు పోవడం చిన్న నష్టం, కాలికి జరిగే చెరుపు పెద్దది.

ఆ గడ్డలో ఉన్నది కొవ్వు కాదు, చీము కాదు. కీలు ఒరుసుకోకుండా కాపాడే జిగురు నీరే. గుజ్జు అరిగినా, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) చిరిగినా, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నా కీలులో ఆ నీరు ఎక్కువగా ఊరుతుంది. మోకాలి వెనక లోపలివైపు రెండు కండరాల మధ్య చిన్న సంచి ఉంటుంది. కీలు నుంచి దానికి సన్నని దారి. ఆ దారి కవాటంలా పనిచేసి నీటిని సంచిలోకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఇక పైన తైలం రాస్తే ఏం కరుగుతుంది? ఊట ఆగనిదే చెలమ ఎండదు.

గట్టిగా మర్దన చేస్తే సంచి పగలొచ్చు. నీరు పిక్కలోకి దిగి కాలు వాస్తుంది, ఎర్రబడుతుంది, చీలమండ దగ్గర కమిలినట్టు కనబడుతుంది. సిరలో రక్తం గడ్డకట్టినా కాలు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. పైకి చూసి తేడా చెప్పడం డాక్టర్లకే కష్టం, అందుకే రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ చేయిస్తారు. అలాంటి కాలిని రుద్దితే రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. పిక్క ఉన్నట్టుండి వాస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, ఛాతీనొప్పి కూడా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

కాలికి వెళ్లే పెద్ద ధమని, సిర, నరం ఆ గుంటలోంచే పోతాయి. బెల్టు బిగించాక పాదం తిమ్మిరెక్కినా, వాచినా వెంటనే తీసేయాలి. పొడి సంగతి ఇంకా ఘోరం. లోపల ఏముందో రాయని ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి పట్టుబడిన సందర్భాలున్నాయి. నొప్పి ఇట్టే తగ్గడం దాని మహిమే కావచ్చు. షుగర్, బీపీ పెరిగేదీ దానివల్లే.

‘ఒక్క సూదితో శాశ్వతంగా పోతుంది’ అనే ప్యాకేజీలనూ నమ్మకండి. సూదితో నీరు తీయడం సరైన వైద్యమే, కానీ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తీయాలి. చిక్కటి నీరు కాబట్టి 18 గేజ్ లాంటి లావు సూది కావాలి. తర్వాత స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే షుగర్ ఉన్నవాళ్లు కొన్ని రోజులు రీడింగులు చూసుకోవాలి. అసలు మోకాలిని బాగుచేయకపోతే నీరు మళ్లీ చేరుతుంది. స్కాన్ లేకుండా గుచ్చుతామంటే ఒప్పుకోవద్దు, ఎందుకంటే ఆ గడ్డ ధమని ఉబ్బు కూడా కావచ్చు. చేతికి నాడిలా కొట్టుకుంటుంటే అదే అనుమానించాలి. బేకర్ సిస్ట్ అయితే కాలు చాపినప్పుడు గట్టిగా, సగం మడిచినప్పుడు మెత్తగా తగులుతుంది. ఏ భంగిమలోనూ మారని గడ్డకు స్కాన్ తప్పనిసరి.

ఖర్చు పెట్టాల్సింది అల్ట్రాసౌండ్‌కి, నిలబడి తీసే మోకాలి ఎక్స్‌రేకి. నొప్పి లేకపోతే చాలావరకు వదిలేయవచ్చు. పిల్లల్లో ఎక్కువగా దానంతటదే పోతుంది. నొప్పి, వాపు ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టండి, గొంతుక్కూర్చోవడం మానండి. వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు అడుగెత్తు లేపి 5 సెకన్లు ఆపడం, పదిసార్లు చొప్పున రోజుకు రెండుసార్లు చేస్తే తొడ కండరం బలపడి కీలుమీద భారం తగ్గుతుంది. మెనిస్కస్ చిరుగు బాధపెడుతుంటే ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి కీలుకు చేసే ఆపరేషన్) అవసరమా అన్నది ఆర్థోపెడిక్ డాక్టరు చెబుతారు.

ఇప్పటికే పొడి వాడుతున్నవాళ్లు ఉన్నపళంగా మానేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే హఠాత్తుగా ఆపడం ప్రమాదం. డబ్బా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి ఎన్నాళ్లుగా తింటున్నారో చెప్పండి. బిల్లు దాచుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసేటప్పుడు అడుగుతారు.