తోలు మేలైనది, దారమే చాలలేదు: మడత కత్తికి ఒర కుట్టిన కిట్

నా మడత కత్తి నా దగ్గరికి వచ్చి పదకొండేళ్లు. మొక్కలకు అంటు కట్టాలన్నా, పురికొస తెంపాలన్నా అదే. తాళంచెవులతో కలిసి జేబులో పడి ఉండటంతో చెక్క పిడి నిండా గీతలు పడ్డాయి. దానికో ఒర కుట్టాలి, ఆ ఒర మీద ఆకుల తీగ ఒకటి నా చేత్తోనే చెక్కాలి అనుకుని ఈ కిట్ తెప్పించుకున్నాను. ఒర పూర్తయి నాలుగు నెలలైంది. కొన్నాళ్లు వాడి చూశాకే రాయాలని ఆగాను.

పెట్టెలో 2 మిల్లీమీటర్ల మందమున్న తోలు ముక్కలు రెండు, సాధన కోసం అరచేయంత ముక్క ఒకటి, మొద్దు మొనల సూదులు రెండు, మైనం పట్టించిన దారం, కుట్టు రంధ్రాలు చేసే నాలుగు పళ్ల పంచ్, గీతలు కోసే తిరుగుడు బ్లేడు, మూడు అచ్చులు, తోలుకు వేసే గోధుమ రంగు సీసా, ఇత్తడి బటన్, అట్ట నమూనా ఉన్నాయి.

తోలు చాలా బాగుంది. చెట్ల బెరడు నుంచి వచ్చే టానిన్‌తో శుద్ధి చేసిన రకం ఇది. కోసిన అంచు చూస్తే లోపలిదాకా ఒకే లేత గోధుమ రంగు. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన క్రోమ్ తోలు మెత్తగా ఉంటుంది, సంచులకు బాగుంటుంది కానీ దాని మీద అచ్చు కొడితే గుర్తు సరిగా నిలవదు. చెక్కుడు పనికి ఈ రకమే కావాలి. చవక కిట్లలో చాలాసార్లు ఇక్కడే మోసపోతాం, ఇందులో ఆ బాధ లేదు.

సూచనల కాగితం దగ్గరే నాకు అసంతృప్తి. "తోలు తడిపి అచ్చు కొట్టండి" అని ఒక్క ముక్కతో తేల్చేశారు. అసలు పనంతా ఆ తడిలోనే ఉంది! స్పాంజితో తుడవగానే తోలు ముదురు రంగుకు తిరుగుతుంది. అప్పుడే కొడితే అచ్చు గుర్తు ఉబ్బిపోయి మాసినట్టు కనిపిస్తుంది. పైన రంగు మళ్లీ తేలికపడుతూ లోపల ఇంకా చెమ్మ ఉండాలి. దాన్ని నేను చెంపకు ఆనించి చూసుకుంటాను. చల్లగా తగలాలి, చెంపకు తడి మాత్రం అంటకూడదు. ఆ అదనులో తిరుగుడు బ్లేడుతో ఆకు గీత కోస్తే వెన్న కోసినట్టు నడుస్తుంది. మందంలో సగానికి మించి దిగనివ్వకూడదు. తరువాత ఏటవాలు అచ్చును గీతకు బయటి వైపు ఆనించి, అంగుళంలో పదో వంతు కూడా జరపకుండా చిన్న చిన్న దెబ్బలు కొడుతూ పోవాలి. చుట్టూ తోలు కుంగుతుంది, ఆకు పైకి లేస్తుంది. మొదటి ఆకు అలా లేచిన క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంకా తాజాగానే ఉంది.

సాధన ముక్కను పారేయకండి. నా కత్తి బ్లేడు కార్బన్ స్టీలు. ఆ ముక్కను తడిపి, కత్తిని ఊరికే దాని మీద నొక్కి రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి నీలి నలుపు మరక దిగింది. టానిన్‌కు ఇనుము తగిలితే అంతే. టానిన్ ఉన్న కరక్కాయతో, ఇనుప లవణమైన అన్నభేదితో నల్ల సిరా కాచేది ఈ గుణంతోనే. అందుకే అసలు ఒరను తడిపి, కత్తిని లోపల పెట్టి ఆకారం ఇచ్చేటప్పుడు కత్తికి పలచని ప్లాస్టిక్ కాగితం రెండు చుట్లు చుట్టాను. ఈ జాగ్రత్త సూచనల కాగితంలో లేదు, తప్పకుండా ఉండాల్సింది.

అట్ట నమూనా వెడల్పు 50 మి.మీ. నా కత్తి మడిస్తే 28 మి.మీ. వెడల్పు, 14 మి.మీ. మందం. ఈ రెంటికీ తోలు మందం రెండు వైపులా 4, కుట్టుకు చెరో వైపు 5 కలిపితే 56 అవుతుంది. ముందు మందపాటి అట్టతో ఒర చేసి చూసుకున్నాను కాబట్టి తోలు పాడు కాలేదు. ఇచ్చిన నమూనాను నమ్మి కోసి ఉంటే కత్తి లోపలికే దూరేది కాదు. మీ కత్తిని మీరే కొలుచుకోండి.

ఇక దారం. రెండు వైపులూ, అడుగూ కలిపి కుట్టు పొడవు 24 సెంటీమీటర్లు. ఒకే దారానికి రెండు చివర్లా సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోనూ ఎదురెదురుగా దూర్చే కుట్టు ఇది. దీనికి కుట్టు పొడవుకు నాలుగింతల దారం కావాలి, అంటే మీటరు దాకా. పెట్టెలో ఇచ్చింది 80 సెంటీమీటర్లే! మూడో వైపు సగంలో ఆగిపోయి, వేరే దారం అతికించాల్సి వచ్చింది. ఆ అతుకు వేలికి ఇప్పటికీ తగులుతుంది. అయినా ఈ కుట్టు పద్ధతి మీద నాకు పూర్తి నమ్మకం. ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది, మిషను కుట్టులా వరసంతా ఊడిరాదు.

రంగు సమంగా పట్టింది. కుట్టకముందే వేయండి, లేకపోతే దారానికీ అంటుతుంది. అంచులు గుండ్రం చేసే పనిముట్టు ఇవ్వలేదు. నేను సన్న గరుకు కాగితంతో రుద్ది, నీళ్లు అద్ది, గుండ్రటి చెక్కతో వేడి పుట్టేదాకా రుద్దాను. గాజులా మెరిసింది. ఆకారం ఇచ్చేటప్పుడు బొటనవేలితో కత్తి అంచుల వెంబడి మాత్రమే నొక్కండి, మధ్యలో నొక్కితే చెక్కిన ఆకులు అణిగిపోతాయి. నావి రెండు ఆకులు అలాగే కాస్త చదునయ్యాయి.

కొత్తవాళ్లకు కొనమనే చెబుతాను, మీటరున్నర మైనపు దారం విడిగా తెచ్చుకుంటేనే. ఇప్పటికే పనిముట్లున్నవాళ్లు ఇలాంటి తోలు మాత్రం కొనుక్కుంటే చాలు. నాలుగు నెలల్లో కుట్టు ఒక్కటీ వదులు కాలేదు, చేతి తాకిడికి తోలు ఒక ఛాయ ముదిరింది, బటన్ గట్టిగా పడుతోంది. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి రాత్రిళ్లు కత్తిని ఒరలో వదలను. తుడిచి, ఒక చుక్క నూనె రాసి, ఒర పక్కనే పెట్టి పడుకుంటాను.