తారాపూర్, రావత్‌భాటా: ఏది మేలు?

"అమెరికా రియాక్టర్లనే పట్టుకుని ఉంటే మనకు కరెంటు ఇంకా ముందే వచ్చేది కదా?" అణు విద్యుత్ గురించి ఎప్పుడు రాసినా ఎవరో ఒకరు అడిగే మాట ఇది. 1960ల్లో మన ముందున్న దారులు రెండు: మహారాష్ట్రలోని తారాపూర్‌లో కట్టిన, మామూలు నీళ్లతో నడిచే అమెరికా రియాక్టర్లు; రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో కట్టిన, భారజలంతో (బరువైన హైడ్రోజన్ ఉండే నీళ్లు) నడిచే కెనడా రియాక్టర్లు.

తారాపూర్‌ది సులువైన దారి. 1964లో జనరల్ ఎలక్ట్రిక్‌తో ఒప్పందం, 1969 అక్టోబరుకల్లా కరెంటు. అన్నీ వాళ్లే కట్టి తాళాలు చేతికిచ్చే బేరం. ఐదేళ్లలో అణు కేంద్రమంటే ఇప్పటికీ గొప్పే. రావత్‌భాటా అలా కాదు. కెనడా వాళ్ల డగ్లస్ పాయింట్ రియాక్టర్ నమూనాలో కట్టిన మొదటి యూనిట్ 1973లో గానీ అక్కరకు రాలేదు. వచ్చాక 1980ల్లో ఎండ్ షీల్డ్‌కు (రియాక్టర్ చివర రేడియేషన్‌ను ఆపే అడ్డుగోడకు) పగుళ్లు. నడిచిన రోజులే లెక్కేస్తే తారాపూర్‌దే పైచేయి, ఒప్పుకుంటాను.

నేను చూసేది మాత్రం ఇంధనం ఎవరి చేతిలో ఉందన్నది. గనిలో దొరికే యురేనియంలో మండే రకం, అంటే యు-235, 0.7 శాతమే. ఆ యురేనియం అణువులను చీల్చి మంట ఆరకుండా చూసే కణాలు న్యూట్రాన్లు; మామూలు నీళ్లు వాటిని బాగా మింగేస్తాయి కాబట్టి తారాపూర్‌కు ఆ శాతం పెంచిన యురేనియం కావాలి. అది అమెరికా నుంచే రావాలి. ముప్పై ఏళ్లు ఇస్తామని 1963లో రాసిచ్చారు కూడా. 1974 మే 18న పోఖ్రాన్‌లో మన అణు పేలుడు జరిగింది, 1978లో అమెరికా చట్టం మారింది, సరఫరాకు అడ్డం పడింది. తర్వాత ఫ్రాన్స్, చైనా, రష్యా, ఇలా గుమ్మం గుమ్మం తిరగాల్సి వచ్చింది. యురేనియంతో ఇంధన గుళికలు చేసే పని మన హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీకి (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) చేతనవును. ముడిసరుకు దగ్గరే చిక్కంతా.

భారజలం న్యూట్రాన్లను దాదాపు మింగదు, అందుకని రావత్‌భాటాకు తవ్వి తీసిన యురేనియమే చాలు. పోఖ్రాన్ తర్వాత కెనడా కూడా చేతులెత్తేసిన మాట నిజమే. రెండో యూనిట్‌ను మనవాళ్లే కిందా మీదా పడి 1981కి నిలబెట్టారు. భారజలానికీ తక్కువ అవస్థ పడలేదు: బరోడా ప్లాంటులో 1977లో పేలుడు జరిగింది, సోవియట్ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. అయినా భారజలం గిన్నెలాంటిది, యురేనియం బియ్యంలాంటిది. గిన్నె కోసం ఒకసారి అప్పు చేయొచ్చు, బియ్యం కోసం రోజూ పక్కింటికి వెళ్లలేం. లీకయినంత మేర మళ్లీ పోసుకుంటే భారజలం ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ తర్వాత మణుగూరు లాంటి చోట మనమే తయారు చేసుకున్నాం.

అందుకే నా ఓటు రావత్‌భాటాకే. తారాపూర్‌లోనే 2005, 2006ల్లో మొదలైన 540 మెగావాట్ల యూనిట్లు రెండూ భారజలంవే.