65,000 కిలోమీటర్ల తర్వాత: తనంతట తానే బ్రేకు వేసే కారు

విజయవాడ పటమటలో ఇల్లు, గుంటూరులో ఉద్యోగం కావడం వల్ల మూడున్నరేళ్లుగా నా కారు రోజూ బెంజి సర్కిల్ దాటి, కనకదుర్గ వారధి ఎక్కి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, పెదకాకాని మీదుగా వెళ్లి సాయంత్రం అదే దారిన తిరిగి వస్తోంది. ఈ కారు కొన్నది ముఖ్యంగా ఏడాస్ (ADAS) కోసం, అంటే నడిపేవారికి సాయపడే రాడార్, కెమెరా ఏర్పాట్ల కోసం, అందులోనూ ముందున్న వాహనాన్ని ఢీకొనే ప్రమాదం కనబడితే తనంతట తానే బ్రేకు వేసే సౌకర్యం కోసం. 65,000 కిలోమీటర్లు తిరిగాక ఆ ఒక్క సౌకర్యం గురించే ఈ సమీక్ష రాస్తున్నాను.

దాని విలువ నాకు తెలిసింది 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను వానల్లో. గుంటూరు నుంచి తిరిగి వస్తూ నంబూరు దాటాక అద్దానికి ఆవిరి పట్టడంతో, దాన్ని పోగొట్టే మీట కోసం చూపు కిందికి దించాను. వేగం గంటకు 70 కిలోమీటర్లు, అంటే సెకనుకు 19 మీటర్ల పైమాటే. నేను మీట వెతికిన ఆ కాస్త సేపట్లో ముందు కారు ఆగిపోయింది. మొదట బీప్ మోగింది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర గుర్తు వెలిగింది, పక్కన కూర్చున్న మా ఆవిడ "ఏవండీ!" అని అరిచేసరికే కారు ముందుకు వంగి బిగుసుకుపోయింది. నా పాదం తగిలేటప్పటికి పెడల్ గట్టిపడి, కింద గరగరమని అదురుతోంది. ఆగాక చూస్తే ముందు కారు డిక్కీకీ నా బంపరుకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవగలిగినంత చోటే మిగిలింది. వెనక వస్తున్న బస్సు కూడా ఆగగలిగింది, ఎందుకంటే కారు బ్రేకు వేసినప్పుడు వెనక ఎర్ర లైట్లనూ అదే వెలిగిస్తుంది.

ఆ రాత్రే కారుతో ఇచ్చిన పుస్తకం తీసి మొదటిసారి శ్రద్ధగా చదివాను. బంపరు కింది భాగంలో ఉన్న రాడార్ 77 గిగాహెర్ట్జ్ తరంగాలను పంపుతుంది. అవి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరమూ, తిరిగొచ్చిన తరంగపు పౌనఃపున్యంలో వచ్చిన తేడాను బట్టి ఆ వస్తువు మనకు ఎంత వేగంగా దగ్గరవుతోందో తెలుస్తాయి. అద్దం వెనక, లోపలి మిర్రర్ దగ్గర ఉన్న కెమెరా అది కారా, లారీయా, మనిషా అని పోల్చుకుంటుంది. దూరాన్ని దగ్గరయ్యే వేగంతో భాగిస్తే ఢీకొనడానికి ఎంత కాలం మిగిలిందో వస్తుంది. మధ్య దూరం 20 మీటర్లుండి, సెకనుకు 10 మీటర్ల చొప్పున దగ్గరవుతుంటే మిగిలింది రెండే సెకన్లు. ఆ కాలం తగ్గేకొద్దీ ముందు బీప్ మోగుతుంది, తర్వాత బ్రేకు గొట్టాల్లో పీడనం పెరిగి ప్యాడ్లు డిస్కు దగ్గరికి జరుగుతాయి, అప్పటికీ మనం కదలకపోతే పూర్తి బ్రేకు పడుతుంది. మనం యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినా, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినా అది పక్కకు తప్పుకుని బాధ్యత మనకే వదిలేస్తుంది. ఎక్కువ వేగంలో పూర్తిగా ఆపలేకపోవచ్చు, అయినా తగ్గించిన ప్రతి కిలోమీటరూ లెక్కలోకి వస్తుంది. 50లో తగలవలసిన దెబ్బ 30లో తగిలితే దాని శక్తి 36 శాతానికి పడిపోతుంది. ఇంకొక సంగతి, నా కారు ఆగిన రెండు సెకన్లకు బ్రేకు వదిలేస్తుంది కనుక ఆగింది కదా అని పాదం పక్కన పెట్టుకోకూడదు.

ఇదే యంత్రం ఒక రాత్రి ఏమీ చేయకుండా ఊరుకుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, అంటే మిర్చి గోతాలు, వెళ్లే రోజులు ఎలా ఉంటాయో ఈ దారిన తిరిగేవారికి తెలుసు. పెదకాకాని దగ్గర టిక్కీలతో నిండిన ట్రాక్టర్ ట్రక్కు ఒకటి, వెనక లైటు గానీ రేడియం స్టిక్కర్ గానీ లేకుండా, సగం రోడ్డు మీద ఆగి ఉంది. గోతాలు ట్రక్కు అంచులు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను చూసి బ్రేకు వేసి పక్కకు తప్పించేదాకా కారు కనీసం బీప్ కూడా చేయలేదు. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. రోడ్డు పక్క బోర్డులు, డివైడర్ రెయిలింగ్, ఫ్లైఓవర్ స్తంభాలు అన్నీ రాడార్‌కు కదలని వస్తువులే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే బండి నడవదు కాబట్టి, ఎక్కువ వేగంలో కదలని వస్తువుల విషయంలో కెమెరా కూడా ఔనంటే తప్ప అది తెగించదు. చీకట్లో గోతాల గుట్ట ఆ కెమెరా నేర్చుకున్న ఏ వాహనం వీపులాగానూ ఉండదు. ఆ రోజు నుంచి మిర్చి సీజన్‌లో రాత్రిపూట నేను 60 దాటడం లేదు.

బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద మాత్రం దీని ఇబ్బంది వేరు. ఎడమ నుంచి దూరే బైకు మూర చోటు మిగిల్చి ముందుకు వచ్చి వెళ్లిపోతుంది, మనకది రోజూ చూసేదే, కారుకు మాత్రం ప్రాణాపాయం. మొదటి నెలలో అది రెండుసార్లు గట్టిగా బ్రేకు వేసింది, రెండోసారి వెనక స్కూటర్ మీదున్న పెద్దాయన దాదాపు నా కారుకు తగిలారు. చాలామంది చేసినట్టే నేనూ హెచ్చరికను 'ఆలస్యం' అనే మెట్టుకు మార్చాను, అది తప్పని నంబూరు దగ్గర తెలిసింది. ఇప్పుడు ఎప్పుడూ 'ముందుగా' అన్న మెట్టులోనే ఉంచుతున్నాను. బీప్‌లు పెరిగినా బ్రేకులు తగ్గాయి, ఎందుకంటే ముందు బండితో దూరం తక్కువైనప్పుడల్లా అది ముందే చెబుతోంది, నేనే యాక్సిలరేటర్ మీంచి పాదం తీస్తున్నాను.

ఖర్చు గురించి చెప్పవలసింది ఒకటుంది. నిరుడు కంకర లారీ నుంచి రాయి ఎగిరి ముందు అద్దం పగిలితే, దగ్గర్లోని షాపులో కొత్తది వేయించాను. అద్దం చక్కగా కుదిరింది గానీ కెమెరా హెచ్చరిక గుర్తు ఆరలేదు. కెమెరా చూపు వెంట్రుకవాసి పక్కకు జరిగినా 50 మీటర్ల దూరంలో పక్క లేన్ బండిని మన లేన్‌లో ఉన్నట్టు చూస్తుందని, అందుకే కారు ముందు గుర్తుల బోర్డు నిలబెట్టి, కంప్యూటర్ తగిలించి మళ్లీ సరిచూడాలని సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. ఆ పని అయ్యేదాకా నాలుగు రోజులు ఈ సౌకర్యం లేకుండానే గుంటూరు వెళ్లి వచ్చాను. అద్దం మార్పించే ముందే బీమా ఎస్టిమేట్‌లో ఈ కాలిబ్రేషన్ ఛార్జీ రాయించుకోండి. నేను రాయించుకోకపోవడంతో అది నా జేబులోంచే పోయింది.