ఆరేళ్లు వాడాక: గుడ్డ సంచి, స్టీల్ బాటిల్, ఇంకా అరవై ప్లేట్లు

ఆరేళ్ల కిందట ఒక వారం పాటు ఇంట్లో వాడి పడేసే ప్లాస్టిక్ అంతా చెత్తబుట్టలో వేయకుండా ఒక అట్టపెట్టెలో దాచాను. ఆదివారం దాన్ని నేలమీద బోర్లించి లెక్కపెడితే నూట పన్నెండు ముక్కలు తేలాయి. ఇంట్లో ఉండేది ముగ్గురమే. నీళ్ల సీసాలే ఎక్కువ ఉంటాయనుకున్నాను, చూస్తే నాలుగే. మిగతావన్నీ చేతి కవర్లు, సరుకుల ప్యాకెట్లు, బయటినుంచి భోజనం తెప్పించుకున్నప్పుడు వచ్చిన డబ్బాలు, చెంచాలు. ఆ చెంచాల్లో సగం పైనున్న కవర్ కూడా విప్పనివే.

ఆ ఊపులో చాలా కొన్నాను. నా మొదటి తప్పు అదే. ప్లాస్టిక్ తగ్గించాలని ఇంటికి కొత్త సామాను మోయడం ఏమిటని అప్పుడు తట్టలేదు. వాటిలో ఏవి నిలిచాయి, ఏవి అటకెక్కాయి అన్నదే ఈ సమీక్ష.

ముందు గుడ్డ సంచి. ఒక దశలో మా ఇంట్లో పదకొండు సంచులుండేవి. కొన్నవి మూడు, మిగతావి ఎక్కడెక్కడో ఉచితంగా ఇచ్చినవి. వద్దనడానికి మొహమాటపడి తెచ్చుకున్నాను. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్క చదివాక ఆ గుట్టను చూస్తే సిగ్గేసింది. వాతావరణం మీద పడే భారం వరకే చూసినా, మామూలు పత్తి సంచి అక్కడి దుకాణాల్లో ఇచ్చే ప్లాస్టిక్ కవర్‌కు దీటు రావాలంటే 52 సార్లు వాడాలట. లెక్కలోకి తీసుకున్న ఏ ప్రభావంలోనూ వెనకబడకూడదంటే 7,100 సార్లు. పారేసిన కవర్ కాలవలో, సముద్రంలో చేసే హాని ఆ లెక్కలో లేదు కాబట్టి కవరే మేలని తేల్చేయలేం. కానీ పదకొండు సంచులు అక్కర్లేదని మాత్రం అర్థమైంది. ఇప్పుడు వాడేవి మూడు. అందులో ఒకటి వారానికి మూడుసార్ల చొప్పున తొమ్మిది వందల సార్లు దాటింది. 52 ఎప్పుడో దాటాను, 7,100 నా వల్ల అయ్యేట్టు లేదు.

అసలు ఇబ్బంది సంచితో కాదు, మరపుతో. మొదటి ఏడాది సగం సార్లు సంచి ఇంట్లో, నేను బయట. మడిచి అలమరలో పెట్టినన్నాళ్లూ ఇదే తంతు. సామాను సర్దేశాక ఖాళీ సంచిని నేరుగా వీధి తలుపు గొళ్లేనికి తగిలించడం మొదలుపెట్టాక కుదిరింది. తలుపు తీయాలంటే సంచిని ముట్టుకోక తప్పదు. గుప్పిట్లో పట్టేంత చిన్నగా మడతపడే సంచి ఒకటి ఎప్పుడూ నాతో ఉంటుంది. అది పాలిస్టర్, అంటే అదీ ప్లాస్టికే. అయినా నన్ను ఎక్కువసార్లు ఆదుకున్నది అదే. కుట్టించుకునేవాళ్లకు ఒక మాట: సంచి మొదట తెగేది పిడి దగ్గరే. పిడి అతికిన చోట నలుచదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులా ఇంకో కుట్టు వేయించండి. పాత దుప్పటితో కుట్టించిన నా రెండో సంచి ఆ కుట్టు వల్లే ఇంకా బతికుంది.

స్టీల్ బాటిల్ విషయంలో నాకు ఫిర్యాదు తక్కువ. 304 రకం స్టీలు, అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. ఆరేళ్లలో నాలుగు సొట్టలు పడ్డాయి, పైన రంగు సగం ఊడింది, చుక్క కారలేదు. వేడి నిలవడానికి రెండు పొరల ఫ్లాస్క్ కూడా కొన్నాను. రెండోసారి కింద పడ్డాక దాని పని అయిపోయింది. పొరల మధ్య శూన్యం పోయిందో లేదో తెలుసుకోవడం తేలిక: మరిగిన నీళ్లు పోసి కొద్దిసేపు ఆగి బయటివైపు తాకండి. వెచ్చగా తగిలితే పోయినట్టే. నిజమైన తలనొప్పి మూతలోని సిలికాన్ వాషర్. దాని కింద తడి చేరి పాచి పడుతుంది. నీళ్లు వాసనొస్తున్నాయని బాటిల్‌ని తిట్టుకుంటాం గానీ తప్పు ఆ రింగుది. వారానికోసారి దాన్ని ఊడదీసి కడిగి, పూర్తిగా ఆరాక పెడితే చాలు. మూత మాత్రం ప్లాస్టిక్‌దే, అది తప్పలేదు.

వెదురు టూత్‌బ్రష్‌లు నాలుగు వాడి మానేశాను. అడుగున నల్లగా బూజు పడుతుంది, పైగా కుచ్చు నైలాన్‌దే. మట్టిలో కలపాలంటే ఆ కుచ్చును పట్టుకారుతో పీకాలి. రెండుసార్లు పీకాను, మూడోసారి ఓపిక లేదు.

షాంపూ బార్ కథ వేరు. మొదట తెచ్చింది ఉత్త సబ్బు. మా నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వాటితో సబ్బు కలిస్తే తెల్లటి మడ్డి కడుతుంది, అదంతా జుట్టుకే పట్టి దువ్వెన దిగేది కాదు. సబ్బు క్షారం కూడా, పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఆర్నెల్లు విసుగెత్తి మానేశాక, సబ్బు కాకుండా షాంపూలో వాడే పదార్థాలతోనే గట్టిగా చేసిన బార్ ఒకటి దొరికింది. మూడేళ్లుగా దాంతోనే. కొనేముందు పదార్థాల జాబితా చదవండి, రెండింటి మీదా షాంపూ బార్ అనే రాసి ఉంటుంది. చిల్లుల పళ్లెంలో పెట్టకపోతే మాత్రం పది రోజుల్లో కరిగి ముద్దవుతుంది.

ఇనుప సేఫ్టీ రేజర్‌కు పూర్తి మార్కులు. మొదటి వారం గడ్డమంతా గాట్లే, ఎందుకంటే పాత అలవాటుకొద్దీ నొక్కాను. నొక్కకూడదు, దాని బరువే చాలు. వాడిన బ్లేడ్లు ఒక రేకు డబ్బాలో వేస్తున్నాను. ఆరేళ్లయినా అది నిండలేదు.

డబ్బు దండగ చేసినవాటిలో అగ్రతాంబూలం 'మట్టిలో కలిసిపోయే' కవర్లకు. ఒకటి కుండీలో పాతిపెట్టి ఏడాది తర్వాత తవ్వితే మీద అచ్చేసిన అక్షరాలు కూడా చదవగలిగాను. అప్పుడు తెలుసుకున్నాను: ఇలాంటి వాటిలో వాడే పీఎల్ఏ అనే పదార్థం కుళ్లాలంటే 60 డిగ్రీల చేరువలో వేడి నిలిచే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. పెరట్లో ఆ వేడి రాదు.

తిరిగి వాడుకలోకి వెళ్తుంది కదా అని వేరుచేసి ఇచ్చిన ప్లాస్టిక్ మీద కూడా నాకు భ్రమ పోయింది. 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయినది సుమారు 9 శాతమేనని 2017లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అడుగున మూడు బాణాల మధ్య ఉండే అంకె అది ఏ రకం ప్లాస్టికో చెబుతుందంతే, రీసైకిల్ అవుతుందని హామీ కాదు. నల్ల ట్రేలైతే మరీ అన్యాయం. వాటిలో కలిపే కార్బన్ రంగు వల్ల చెత్త వేరుచేసే యంత్రాల పరారుణ కిరణాలకు అవి కనిపించవు. వేరుచేయడం మానలేదు, కానీ దాన్ని చూసుకుని మురిసిపోవడం మానేశాను.

ఇంత చేశాక రెండో ఏడాది చివర మళ్లీ పెట్టె బోర్లించాను. అరవై చిల్లర. దాదాపు సగం తగ్గింది, బాగానే ఉంది. ఆ వారంలోనే మా అపార్ట్‌మెంట్ మీటింగ్ హాల్లో ఒక పుట్టినరోజు జరిగింది. మర్నాడు పొద్దున గేటు పక్కన నాలుగు పెద్ద సంచుల నిండా వాడేసిన ప్లేట్లు, గ్లాసులు. నేను రెండేళ్లు తంటాలు పడి మిగిల్చింది ఒక్క సాయంత్రంలో చెల్లు.

అక్కడినుంచి పుట్టింది ప్లేట్ల బీరువా. ఇరవై నాలుగు ఇళ్లవాళ్లం తలా కొంత వేసుకుని అరవై స్టీల్ ప్లేట్లు, అరవై గ్లాసులు, అరవై స్పూన్లు కొన్నాం. ఎవరింట్లో వేడుకైనా పట్టుకెళ్లొచ్చు, కడిగి తెచ్చివ్వాలి. వినడానికి ఎంత తేలికో నడపడం అంత కష్టం. మొదటి మూడు నెలలు ఎవరూ తీసుకెళ్లలేదు. అడిగితే ఒకావిడ ఉన్నమాట చెప్పేశారు: "మంచి ఆలోచనేనండీ, కానీ చుట్టాలు వెళ్లాక అరవై ప్లేట్లు ఎవరు తోముతారు? మీరొస్తారా?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఆ చాకిరీ ఏ ఇంట్లోనైనా చాలాసార్లు ఒక్కరి మీదే పడుతుంది.

రెండు మార్పులు చేశాం. బీరువా మోటార్ గది దగ్గర ఉండేది, దాన్ని మీటింగ్ హాలు పక్కనే పంపు, సింకు ఉన్న చోటికి మార్చాం. తిన్నవాళ్లు ఎవరి ప్లేటు వాళ్లే దులిపి నీళ్ల తొట్టిలో వేసి వెళ్లాలని హాల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం. ఎండిపోని ప్లేటు కడగడం అరనిమిషం పని. తర్వాత్తర్వాత పిల్లలు దాన్ని ఆటగా తీసుకున్నారు, వాళ్లను చూసి పెద్దవాళ్లకు కదలక తప్పలేదు. ఇప్పుడు నెలకు రెండు మూడుసార్లు బీరువా ఖాళీ అవుతుంది. మీటింగుల్లో సగం తాగి వదిలేసే చిన్న సీసాలు కూడా పోయాయి. ఒక కూజా, ఆ గ్లాసులే.

నా ఒక్క సంచి చేయలేనిది అందరికీ ఒకేసారి వర్తించే చిన్న నియమం చేస్తుంది. ఐర్లండ్ 2002లో ఒక్కో కవర్ మీద 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. అక్కడివాళ్ల మనసులు ఒక్క రాత్రిలో మారిపోయి ఉండవు, కౌంటర్ దగ్గర అడిగి డబ్బిచ్చి తీసుకోవాల్సి వచ్చిందంతే.

నాకు ఇప్పటికీ చేతకానివి ఉన్నాయి. మాత్రల అట్టలు, కొరియర్ కవర్లు, రేకూ ప్లాస్టిక్కూ పొరలు పొరలుగా అతికించిన ప్యాకెట్లు. సింథటిక్ బట్టలు ఉతికినప్పుడల్లా నీళ్లలోకి పోయే సన్నటి పోగులు. ఆరు కిలోల ఉతుకులో ఏడు లక్షలకు పైగా పోగులు ఊడొచ్చని 2016లో అంచనా వేశారు. ఉన్న బట్టలు పారేయలేను కాబట్టి తక్కువసార్లు, చల్లటి నీళ్లలో ఉతుకుతున్నాను. మూడేళ్ల కిందట ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అయినప్పుడు నెలన్నర పాటు అన్నీ వాడి పడేసేవే వాడాం. ఆ నెలన్నర లెక్క నేను పెట్టలేదు, పెట్టను కూడా.

ప్లేట్ల బీరువా మీద మిగిలిన ఒకే ఒక్క ఫిర్యాదు స్పూన్లు. ప్లేట్లన్నీ భద్రంగా ఉన్నాయి, స్పూన్లు మాత్రం ఇళ్లలోకి జారిపోతాయి. ఎవరూ కావాలని చేయరు, కడిగి తమ వాటిలో కలిపేసుకుంటారు. రెండుసార్లు వాట్సాప్ గ్రూపులో అడిగాను, దండం బొమ్మలు తప్ప స్పూన్లు రాలేదు. నిన్న మూడో అంతస్తువాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ, సామాను సర్దుతుంటే దొరికాయని రెండు తెచ్చిచ్చారు. రిజిస్టర్‌లో ప్రస్తుతం అరవైకి యాభై ఒకటి.